ఫోన్ సార్‌ది, బిల్లు మనది.. మరి నంబర్ ఎవలది?

సిద్దిపేటల లీడర్లు, ఫోన్లు అన్న ముచ్చట ఎత్తితే చాలు, చాయ్ హోటల్ కాడ కూసున్నోళ్లందరు ఒక్కటే మాటకు పోతరు: ట్యాపింగ్. 2024 మార్చిల స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి పాత అధికారుల అరెస్టులతోని మొదలైన లొల్లి అది. అదే ఏడాది డిసెంబర్‌ల సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్‌రావు మీద సుత పంజాగుట్ట ఠాణల కేసు పెట్టిన్రు. ఆ ఆరోపణలు అబద్ధమని ఆయన అన్నరు. 2025 మార్చిల హైకోర్టు ఆ ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేసింది.

ఎవల ఫోన్ ఎవలు విన్నరన్నది చిన్న ముచ్చట కాదు. అది కోర్టులల్ల తేలాలె. నేను గిప్పుడు అడుగుతున్నది ఇంకో ముచ్చట. మనం ఓటేసి గెలిపించిన సారు ఫోన్‌కు పైసలు ఎవలు కడుతున్నరు? ఎంత కడుతున్నరు? ఆ నంబర్‌కు మనం చేస్తే ఎవలు ఎత్తుతున్నరు? దొంగసాటుగ వినేటోళ్ల గురించి ఇంత లొల్లి చేసినం. వినాల్సినోళ్లు వింటున్నరా అని మాత్రం మనం ఎవ్వలం అడగలే.

ఏడాదికి లక్షా యాభై వేల కాల్స్

ముందుగల ఢిల్లీ సంగతి చూద్దాం. ఎందుకంటే అక్కడ రూల్ కాయితం మీద సాఫ్‌గ ఉన్నది. ఎంపీల జీతభత్యాలు, పింఛన్ల చట్టం 1954ల వచ్చింది. దాని కింద ఇండ్లు, టెలిఫోన్ల రూల్స్ 1956ల వచ్చినయ్. వాటి లెక్కన ఒక ఎంపీకి మూడు ఫోన్ కనెక్షన్లు. ఒకటి ఢిల్లీ ఇంట్ల, ఒకటి సొంత రాష్ట్రంల, ఇంకోటి ఇంటర్నెట్ కోసం. ఒక్కో ఫోన్‌కు ఏడాదికి 50,000 లోకల్ కాల్స్ ఫ్రీ. మూడు కలిపితే 1,50,000. మొబైల్ కాల్స్ సుత ఈ కోటాలకే వస్తయ్. ఒక ఏడాది కోటా దాటిందనుకోండ్రి, ఎక్కువైన కాల్స్‌ను వచ్చే ఏడాది లెక్కల సర్దుకోవచ్చు.

సిద్దిపేట జిల్లాకు గట్లాంటి ఎంపీలు ఒక్కలు కాదు, ముగ్గురు. సిద్దిపేట, దుబ్బాక, గజ్వేల్ నియోజకవర్గాలు మెదక్ లోక్‌సభ కిందికి వస్తయ్. హుస్నాబాద్ కరీంనగర్ కిందికి పోతది. జనగామ నియోజకవర్గంల ఉన్న చేర్యాల దిక్కు ఊర్లేమో భువనగిరి కిందికి. అంటే ఈ ఒక్క జిల్లా జనం మాట వినేటందుకే మొత్తం తొమ్మిది ఫోన్లు, నాలుగున్నర లక్షల కాల్స్ సర్కారు లెక్కల ఉన్నయ్.

జర లెక్క కట్టుండ్రి. 1,50,000ను 365 దినాలతోని భాగిస్తే రోజుకు 411 కాల్స్. ఒక్కో కాల్ రెండే నిమిషాలు అనుకున్నా దినాం దాదాపు 14 గంటలు ఫోన్లనే ఉండాలె. పార్లమెంటుకు పోవుడు, ఊర్లు తిరుగుడు, అన్నం తినుడు బంద్ పెట్టినా ఆ కోటా ఒడువది.

గట్లని ఈ రూల్ పెట్టినోళ్లు తెలివి లేనోళ్లు కాదు. ఆ జమానా వేరు. 1985ల కేసీఆర్ సిద్దిపేటకెళ్లి మొదటిసారి ఎమ్మెల్యేగ గెలిచిన నాడు ఊర్లల్లకెళ్లి పట్నం మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు కాడ కూసునే రోజులు. ఇంటికి ఫోన్ కావాలంటే ఏండ్లకేండ్లు వెయిటింగ్ లిస్టు. తమకు తెలిసినోళ్లకు కనెక్షన్ ఇప్పియ్యమని సిఫారసు చేసేటందుకు ఎంపీలకు ప్రత్యేకంగ కోటానే ఉండె. గట్లాంటి కాలంల జనంతోని మాట్లాడాల్సిన మనిషికి సర్కారు ఫోన్ ఇచ్చుడు న్యాయమే. ఫోన్ బిల్లుకు భయపడి ప్రజాప్రతినిధి మాట్లాడకుంట కూసుంటే నష్టపోయేది జనమే. పైసలున్నోడే ఎంపీ కావాలన్న కాడికి పోవద్దంటే ఈ సౌలత్ ఉండాలె. ఈ మాట ముందుగాల్నే చెప్తున్న, ఎందుకంటే ఫోన్లు గుంజుకోమని రాస్తున్నది కాదు ఇది.

కాకపోతే రూల్ ఆడనే నిలబడ్డది, లోకం ఉరికింది. 1995 జూలై 31న జ్యోతిబసు కలకత్తాకెళ్లి ఢిల్లీల ఉన్న టెలికం మంత్రి సుఖ్‌రాంకు చేసిందే మన దేశంల మొదటి మొబైల్ కాల్. ఆ దినాలల్ల మనం చేసిన కాల్‌కే కాదు, మనకొచ్చిన కాల్‌కు సుత పైసలు కోసేటోళ్లు. 2003ల గాని అది బంద్ కాలే. 2016 సెప్టెంబర్‌ల జియో వచ్చినంక కాల్‌కు ధరన్నదే లేకుంట పోయింది. కూలికి పోయేటాయన ఫోన్ల సుత ఇయ్యాల అన్‌లిమిటెడ్ కాల్సే. లక్షా యాభై వేల కాల్స్ ఫ్రీ అంటే ఒకప్పుడు లక్షన్నర రూపాయల సౌలత్. ఇయ్యాల అది చెర్ల నీళ్లు ఫ్రీ అన్నట్టు.

మరి ఖర్సు యాడికి పోయింది? కాల్‌కెళ్లి మనిషి మీదికి పోయింది. ఫోన్ సౌకగ అయింది, దాన్ని ఎత్తే మనిషికి జీతం పెరిగింది. 2025 మార్చిల కేంద్రం ఎంపీల జీతం లక్షకెళ్లి 1,24,000కు పెంచింది, అది సుత 2023 ఏప్రిల్‌కెళ్లి లెక్కగట్టి. నియోజకవర్గ అలవెన్స్ 70,000కెళ్లి 87,000 అయింది. ఆఫీసు ఖర్సు 60,000కెళ్లి 75,000 అయింది. ఈ 75 వేలల్ల 50 వేలు కంప్యూటర్ తెలిసిన సహాయకుని కోసం, 25 వేలు కాయితాలు, స్టేషనరీ కోసం. అంటే ఫోన్ బిల్లు ఒక్కటే కాదు, ఫోన్ ఎత్తి 'సారు మీటింగ్ల ఉన్నరు' అని చెప్పే మనిషి జీతం సుత మనదే. గిది యాదిలో పెట్టుకోండ్రి, మళ్లొస్త ఈ ముచ్చటకు.

మన అసెంబ్లీల గంపగుత్త లెక్క

ఢిల్లీల కనీసం ఏ పద్దు కింద ఎంతన్నది రాసి ఉన్నది. మన రాష్ట్రంల కథ వేరే.

2016 మార్చిల తెలంగాణ అసెంబ్లీ ఎమ్మెల్యేల జీతాలు పెంచుకునే బిల్లు పాస్ చేసింది. అన్ని కలిపి నెలకు 2,50,000 అయింది. ఇండ్ల జీతం కింద 20,000 మాత్రమే. మిగిలిన 2,30,000 నియోజకవర్గ అలవెన్స్. పేరు చూస్తేనే తెలుస్తది అది దేనికోసమో: నియోజకవర్గంల తిరిగేటందుకు, వచ్చిపోయేటోళ్లను చూసేటందుకు, జనంతోని మాట్లాడేటందుకు. ఏడాదికి ఇది 27 లక్షల 60 వేలు. ఐదేండ్లకు ఒక్కో ఎమ్మెల్యేకు 1 కోటి 38 లక్షలు.

ఆ పైసలు ఎక్కువనా, తక్కువనా అన్నది వేరే పంచాది. పొద్దుగాల ఐదింటికెళ్లి ఇంటి ముంగట జనం నిలబడే ఎమ్మెల్యేకు అవి సాలయని నేను సుత ఒప్పుకుంట. పెండ్లి, చావు, దవాఖాన అని వచ్చేటోళ్లకు ఉత్త చేతులతోని పంపలేరు. నా తగాదా మొత్తం మీద కాదు, గంపగుత్త మీద. ఇండ్ల ఫోన్‌కు ఎంత, ఆఫీసుల కూసున్న పిల్లగానికి ఎంత, కారు డీజిల్‌కు ఎంత, ఎవ్వలకు తెల్వది. గంపల ఏమున్నదో మూత తీసి చూపియ్యకుంట గంపను గంపే అమ్మినట్టు ఉన్నది యవ్వారం.

పక్కన తమిళనాడును చూడుండ్రి. 2018ల వాళ్లు పెంచుకున్నంక ఒక ఎమ్మెల్యేకు నెలకు 1,05,000. గదే ఎట్లెట్ల అన్నది విడగొట్టి ఉన్నది: జీతం 30,000, పరిహార భత్యం 10,000, టెలిఫోన్ 7,500, నియోజకవర్గం 25,000, పోస్టల్ ఖర్సు 2,500, కన్సాలిడేటెడ్ అలవెన్స్ 5,000, బండి 25,000. ఫోన్‌కు ఒక గీత, ఉత్తరాలకు ఒక గీత. గీత గీసి ఉన్నప్పుడు జనం అడగొచ్చు: 'అన్నా, నెలకు ఏడున్నర వేల ఫోన్ పైసలు తీసుకుంటివి, నా ఫోన్ ఎందుకు ఎత్తవైతివి?' మన కాడ ఆ గీతనే లేదు, ఇగ అడిగేది దేని మీద?

బడ్జెట్ పుస్తకంతోని ఐఫోన్

కాల్స్‌కు ధర లేకుంట పోయినంక సర్కార్ల చూపు చేతుల పట్టుకునే డబ్బా మీదికి మళ్లింది. 2022 ఫిబ్రవరిల రాజస్థాన్‌ల బడ్జెట్ పెట్టిన నాడు గెహ్లాట్ సర్కారు 200 మంది ఎమ్మెల్యేలకు ఐఫోన్ 13 ఇచ్చింది. రాష్ట్రం అప్పులల్ల ఉన్నదని చెప్పి బీజేపీ ఎమ్మెల్యేలు వాపస్ ఇస్తమన్నరు. మూడేండ్లకు ఢిల్లీల బీజేపీ సర్కారే వచ్చింది. 2025 జూలైల ముఖ్యమంత్రి ఫోన్ కొనుక్కునేటందుకు 1,50,000, మంత్రులకు 1,25,000 అని ఆర్డర్ తీసిన్రు. నెలనెలా బిల్లు ఎంతైతే అంత ఇస్తమన్నరు. ఆగస్టుల కాయితం లేని అసెంబ్లీ చేస్తున్నమని 70 మంది ఎమ్మెల్యేలకు ఐఫోన్ 16 ప్రో ఇచ్చిన్రు. ఇచ్చేటోళ్లు, వాపస్ ఇచ్చేటోళ్లు జాగలు మారుతరు గని ఫోన్ మాత్రం మారది.

కాయితం లేని అసెంబ్లీ మంచిదే. ప్రశ్నలు, జవాబులు, బిల్లులు అన్ని తెర మీద వస్తే చెట్లు మిగులుతయ్, టైం మిగులుతది. కాని నేను అడిగేది సీదా ప్రశ్న. అసెంబ్లీ పని కోసం ఇచ్చిన ఫోన్ అసెంబ్లీ ఆస్తియా, ఎమ్మెల్యే ఆస్తియా? ఓడిపోయినంక ఆ ఫోన్ ఎవల దగ్గర ఉంటది? అండ్ల ఉన్న మన దరఖాస్తులు, మన ఆధార్ ఫోటోలు, మన నంబర్లు ఎవల దగ్గర ఉంటయ్?

కింది మెట్టు మీద ఎవల రీఛార్జి వాళ్లదే

గిప్పుడు నిచ్చెన కింది మెట్టు దిక్కు చూద్దాం.

ఉపాధి హామీ పనికాడ మేట్ల సంగతి తీసుకోండ్రి. 2023 జనవరి 1కెళ్లి దేశమంతట ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్‌ల హాజరు ఏసుడు తప్పనిసరి చేసిన్రు. దినానికి రెండుసార్లు కూలోళ్ల ఫోటో తీసి ఎక్కియ్యాలె. ఫోటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. ఫోన్ ఎవలది? మేట్‌ది. డేటా ఎవలది? మేట్‌దే. గుట్ట పక్కన సిగ్నల్ దొరకక చేతుల ఫోన్ పట్టుకొని గట్టు మీదికి ఎక్కేది సుత మేటే. 2025-26ల తెలంగాణల ఉపాధి కూలి దినానికి 307 రూపాయలు. 2024 జూలైల కంపెనీలన్ని రేట్లు పెంచినంక 28 దినాల మామూలు డేటా ప్లాన్ 299 రూపాయలకు చేరింది. అంటే ఒక రీఛార్జి ఒక దినం కూలి. సర్కారు పని సర్కారు యాప్‌ల ఎక్కియ్యడానికి ఎర్రటి ఎండల ఒక దినం మట్టి తవ్వాలె.

అంగన్‌వాడీ టీచర్ల కథ కొంచెం వేరే. పోషణ్ ట్రాకర్ కోసం సర్కారే ఫోన్లు ఇచ్చింది. అవి నెమ్మదిగ నడుస్తయని, యాప్ పెద్దగైన కొద్ది ఫోన్ మొరాయిస్తున్నదని ఆ అక్కలు ఏండ్ల సంది మొత్తుకుంటున్నరు. 2025ల ముఖం గుర్తుపట్టే పద్ధతి పెట్టినంక ఆ బాధ ఇంక పెరిగింది. బాలింత ముఖం యాప్‌ల పడకపోతే ఇంటికి తీసుకపోయే సరుకులు ఆగుతయ్. ఒక దిక్కు చట్టసభల ఐఫోన్ 16 ప్రో, ఇంకో దిక్కు పిల్లలకు పెట్టే బాలామృతం రాయాల్సిన కాడ తిరుగుతనే ఉండే గుండ్రటి గీత.

సర్పంచులను చూడుండ్రి. దాదాపు రెండేండ్లు సర్పంచులు లేకుంటనే ఊర్లు నడిచినంక, 2025 డిసెంబర్‌ల మూడు విడతలుగ ఎన్నికలు పెట్టిన్రు. 2021ల పెంచినంక సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 6,500. బోరు మోటర్ కాలినా, వీధి లైటు పోయినా, నడిజాముల గొడవైనా మొదటి ఫోన్ పోయేది సర్పంచ్‌కే. ఆ ఫోన్ ఎత్తకుంట ఊర్ల బతకలేరు కాబట్టి ఎత్తుతరు. ఫోన్, పెట్రోల్, ఇంటికొచ్చినోళ్లకు చాయ్ అన్ని ఆ ఆరున్నర వేలల్లనే. జనానికి ఎంత దగ్గరుంటే అంత ఎక్కువ ఫోన్లు వస్తయ్. కాని సర్కారు పైస దూరం ఉన్నోళ్లకే ఎక్కువ పోతున్నది. నా అసలు బాధ ఈడనే ఉన్నది.

మనిషి నంబరా, కుర్చీ నంబరా?

పోయిన ఎండకాలం సిద్దిపేట నుంచి దుద్దెడ కలెక్టరేట్ దిక్కు పోయే బస్సుల నా పక్కన ఒక ముసలవ్వ కూసున్నది. సోమవారం ప్రజావాణికి పోతున్నది. పింఛన్ ఆగిందట. కొంగుకు కట్టుకున్న కాయితం విప్పి, 'బిడ్డా, గీ నంబర్లకు చేసి పెట్టు' అన్నది. అండ్ల మూడు నంబర్లు రాసి ఉన్నయ్. మొదటిది చేసిన, ఎత్తినాయన నేను ఆ సారు దగ్గర పని మానేసి ఏడాది దాటింది అన్నడు. రెండోది స్విచాఫ్. మూడోది ఎత్తిన పిల్లగాడు మంచిగనే మాట్లాడిండు, 'వాట్సాప్ గ్రూపుల పెట్టుండ్రి, చూస్తరు' అన్నడు. అవ్వ దగ్గర ఉన్నది గుండీల ఫోన్. 'గ్రూపు అంటే ఏంది బిడ్డా?' అని అడిగింది. ఏమని చెప్పాలె?

ఆ మూడు నంబర్లు ఎవలివో, ఏ పార్టీవో రాసుడు అవసరం లేదు. ఏ నియోజకవర్గంకు పోయినా గట్లనే ఉంటది. ఎందుకంటే మన కాడ నంబర్ కుర్చీది కాదు, మనిషిది. ఇంక సరిగ చెప్పాలంటే ఆ మనిషి పీఏది. పీఏ మారితే నంబర్ పోతది. ఎమ్మెల్యే ఓడితే మొత్తం పోతది. ఐదేండ్లు జనం చెప్పుకున్న బాధల చిట్టా ఎవల ఫోన్లనో మిగిలిపోతది. కొత్తగ వచ్చినాయనకు ఏ ఊరోళ్లు ఏం అడిగిన్రో, ఏది సగంల ఆగిందో తెల్వది. అవ్వ మళ్లా మొదటికెళ్లి చెప్పుకోవాలె.

పోలీసులకు 100 ఉన్నది, అంబులెన్సుకు 108 ఉన్నది. డ్రైవర్ మారితే 108 మారదు. రాష్ట్రంల చాన మంది ఎమ్మెల్యేలకు సర్కారు పైసలతోని క్యాంపు ఆఫీసులు కట్టిచ్చిన్రు. ఆ బిల్డింగ్ కుర్చీది, ఓడిపోతే ఖాళీ చేయాలె. గోడలు, తలుపులు కుర్చీవి అయినప్పుడు, ఆ గోడల నడుమ మోగే ఫోన్ నంబర్ మాత్రం సొంత ఆస్తి ఎట్లయితది?

దీంట్ల ఇంకో మర్మం ఉన్నది. నంబర్ సొంతదైతే, దానికి వచ్చిన నంబర్లు సుత సొంతవే అయితయ్. పింఛన్ కోసం చేసిన అవ్వ, సీఎం రిలీఫ్ ఫండ్ కోసం చేసిన అయ్య, కాలేజీ సీటు కోసం చేసిన పిల్ల, వీళ్లందరి నంబర్లు పార్టీ లిస్టులకు ఎక్కుతయ్. ఎలక్షన్లప్పుడు రికార్డు చేసిన గొంతు ఆ నంబర్లకే మోగుతది. సాయం అడిగిన పాపానికి మనం ఓటరు లిస్టుల ఒక టిక్కు అయితం.

బయట ఎట్ల చేస్తున్నరు?

సర్కారు ఫోన్ అడ్డదారి తొక్కితే ఎంతదూరం పోతదో మద్రాసు కేసు చెప్తది. 2004కెళ్లి 2007 దాక టెలికం మంత్రిగ ఉన్న దయానిధి మారన్ చెన్నై ఇండ్లకు 764 హైస్పీడ్ లైన్లు ఏసిన్రని, అవి సన్ టీవీ పనికి వాడుకున్నరని, సర్కారుకు 1.78 కోట్ల నష్టమని సీబీఐ ఆరోపణ. మారన్ సోదరులు తప్పు చేయలేదన్నరు. 2018 మార్చిల సీబీఐ కోర్టు వాళ్లను వదిలేసింది. జూలైల మద్రాస్ హైకోర్టు ఆ తీర్పును కొట్టేసి, విచారణ ఎదుర్కోవాల్సిందే అన్నది. నేను ఈ కేసు ఎందుకు చెప్తున్ననంటే టైం చూడుండ్రి. 2004-07 నాటి ముచ్చట, 2013ల సీబీఐ కేసు, 2018ల గాని విచారణ జరగాల్నా వద్దా అన్నది తేలలే. లెక్క దాచిపెట్టిన కాడ తప్పు బయటపడేసరికి ఒక తరం గడుస్తది.

దీనికి ఉల్టా స్కాట్లాండ్ కథ. మైకేల్ మాథెసన్ అనే మంత్రి పార్లమెంటు ఇచ్చిన ఐప్యాడ్ పట్టుకొని 2022 క్రిస్మస్ సెలవులకు కుటుంబంతోని మొరాకో పోయిండు. రోమింగ్ బిల్లు దాదాపు 11 వేల పౌండ్లు వచ్చింది. నియోజకవర్గం పని చేసిన అన్నడు. ఆ ఖర్సు లెక్క పబ్లిక్‌ల ఉన్నది కాబట్టి విలేకరుల కండ్లల్ల పడ్డది. ఆఖరికి పిల్లలు ఫుట్‌బాల్ మ్యాచులు చూసిన్రని ఒప్పుకున్నడు. మొత్తం పైసలు కట్టిండు, 2024 ఫిబ్రవరిల మంత్రి పదవికి రాజీనామా చేసిండు. మేల పార్లమెంటు ఆయనను 27 దినాలు సస్పెండ్ చేసి, 54 దినాల జీతం కోసింది. బిల్లు వచ్చిన కాడికెళ్లి శిక్ష దాక ఏడాదిన్నర పట్టలే. మన లెక్కల పదకొండు లక్షలు దాటిన ఆ బిల్లు కంటే, ఆ బిల్లు కనపడ్డ పద్ధతి నాకు పెద్దగ అనిపిస్తది.

ఇంగ్లండ్‌ల 2009ల ఎంపీల ఖర్సుల కుంభకోణం బయటపడినంక ఐపీఎస్‌ఏ అని ప్రత్యేకంగ ఒక స్వతంత్ర సంస్థనే పెట్టిన్రు. ఎంపీలు క్లెయిమ్ చేసిన ఖర్సులు ఒక్కోటి అది బయట పెడుతది. ఆ పైసలు పార్టీ ప్రచారానికి వాడొద్దని రూల్. అమెరికా ప్రతినిధుల సభ ఖర్సుల చిట్టా మూడు నెలలకొకసారి అచ్చువేస్తది. ఎలక్షన్లకు ముందు 60 దినాలు సర్కారు పైసలతోని గంపగుత్తగ ఉత్తరాలు, మెసేజ్‌లు పంపుడు బంద్. వాళ్లు మనకంటే పుణ్యాత్ములని కాదు. లెక్క ఎవలో చూస్తరన్న భయం ఉన్న కాడ మనిషి జర హుషారుగ ఉంటడు, గంతే.

అడిగితే చెప్తరా?

2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడ్జెట్, ఖర్సుల లెక్కలు ఎవ్వలు అడగకముందే ప్రభుత్వ సంస్థలు బయట పెట్టాలె. అదే చట్టంల 8(1)(జె) సెక్షన్ల ఒక బంగారం అసొంటి మాట ఉండె: పార్లమెంటుకు, అసెంబ్లీకి ఇయ్యమని చెప్పలేని సమాచారం మామూలు మనిషికి సుత ఇయ్యమని చెప్పొద్దు. ఎమ్మెల్యేకు ఎంత హక్కున్నదో బస్సుల కూసున్న అవ్వకు అంతే హక్కు. 2023ల చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44(3) సెక్షన్ తోని ఆ మాట తీసేసిన్రు. 2025 నవంబర్‌ల అది అమలుకు వచ్చింది. ఇగ 'వ్యక్తిగత సమాచారం' అన్న ఒక్క ముక్క చాలు, తలుపు పెట్టేటందుకు. ప్రజా ప్రయోజనం ఎక్కువ ఉంటే ఇయ్యొచ్చన్న 8(2) సెక్షన్ ఇంక ఉన్నది. కాని అది అధికారి దయ మీద ఆధారపడే కిటికీ.

చిత్రమేందంటే, ఒక్క దినం మాత్రం మన నాయకులు ఫోన్ బిల్లు గురించి ప్రమాణం చేసి రాయాలె. నామినేషన్ ఏసే నాడు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌ల ఒక గడి ఉంటది. పోయిన పదేండ్లల్ల సర్కారు ఇంట్ల ఉన్నరా, ఉంటే కిరాయి, కరెంటు, నీళ్లు, టెలిఫోన్ బకాయిలు లేవా అని అడుగుతది. బకాయిలు లేవని సర్టిఫికెట్ సుత పెట్టాలె. అంటే సర్కారు ఫోన్ బిల్లు అన్నది ఓటరు తెలుసుకోవాల్సిన సంగతే అని వ్యవస్థ ఒప్పుకున్నది. మరి ఐదేండ్లకొకసారి తెలుసుకునే హక్కు ఉన్నప్పుడు మూడు నెలలకొకసారి తెలుసుకునే హక్కు ఎందుకు ఉండొద్దు?

ఎక్కడ గీత గీయాలె?

గిక్కడ ఒక న్యాయమైన భయం ఉన్నది. ట్యాపింగ్ లొల్లి చూసినంక ఆ భయం ఇంక పెరిగింది. లెక్కలు బయట పెట్టాలె అంటే ఎమ్మెల్యే ఎవలెవలతోని మాట్లాడిండో ఆ జాబితా బయట పెట్టాల్నా? వద్దు, ముమ్మాటికి వద్దు. ఇసుక దందా గురించి చెప్పిన పిల్లగాడు, మొగడు కొట్టిండని ఫోన్ చేసిన ఆడబిడ్డ, ఆఫీసర్ లంచం అడిగిండని చెప్పిన రైతు, వీళ్ల నంబర్లు బయటకొస్తే మల్ల ఎవ్వలు నోరు విప్పరు. ఎవలతోని మాట్లాడిన్రన్నది దాచాలె. ఎంత ఖర్సయింది, ఎన్ని ఫోన్లు వచ్చినయ్, ఎన్ని ఎత్తిన్రు అన్నది చూపాలె. మనిషిని దాచి, లెక్కను చూపుడు. ఇయ్యాల మన కాడ నడుస్తున్నది ఉల్టా: లెక్క దాగి ఉన్నది, మనిషి నంబర్ మాత్రం పార్టీ గ్రూపులల్ల తిరుగుతున్నది.

ఇంకో మాట అంటరు: 'లక్షల కోట్ల బడ్జెట్ల ఫోన్ బిల్లు ఎంత? కాకి రెట్టంత లేదు, దాని మీద ఇంత రాతనా?' నిజమే, పైసలు తక్కువనే. కాని ఈ రాత పైసల గురించి కాదు. ప్రజాప్రతినిధికి, జనానికి నడుమ ఉన్న తీగ గురించి. ఆ తీగకు పైసలు కట్టేది మనమైతే, అది మన దిక్కు సుత మోగాలె.

అందుకే నాలుగు పనులు అడుగుతున్న. ఒకటి, ప్రతి అసెంబ్లీ నియోజకవర్గానికి అసెంబ్లీ సెక్రటేరియట్ పేరు మీద ఒక పక్కా నంబర్ ఇయ్యాలె. ఎమ్మెల్యే మారినా అది మారొద్దు. గుండీల ఫోన్‌కెళ్లి సుత పని చెయ్యాలె, చేసినోళ్లకు దరఖాస్తు నంబర్ రావాలె. రెండు, నియోజకవర్గ అలవెన్స్ గంప మూత తీసి ఫోన్, సిబ్బంది, ప్రయాణం అని గీతలు గీయాలె. మూడు నెలలకొకసారి మొత్తాలు అసెంబ్లీ వెబ్‌సైట్ల పెట్టాలె. మూడు, ఆ నంబర్‌కు వచ్చిన జనం నంబర్లు పార్టీ పనికి వాడొద్దని రాతపూర్వకంగ రూల్ రావాలె. నాలుగు, సర్కారు యాప్ నడపాలని చెప్పిన ప్రతి మేట్‌కు, అంగన్‌వాడీ అక్కకు, సర్పంచ్‌కు రీఛార్జి పైసలు ఖాతాల పడాలె. పై మెట్టు మీద ఉన్నోళ్లకు లక్షా యాభై వేల కాల్స్ ఇయ్యగలిగిన దేశానికి ఇది పెద్ద బరువు కాదు.

దీనికి కొత్త బిల్డింగ్ అవసరం లేదు, కొత్త కమిషన్ అవసరం లేదు. అసెంబ్లీల ఒక్క దినం చర్చ చాలు. జీతాలు పెంచుకునే బిల్లు ఎంత జల్దిన పాస్ అయితదో 2016ల చూసినం, గంత జల్దిన ఇది సుత అయితది, మనసుంటే. రేపు ఓట్లకు వచ్చినాయనను, ఏ కండువా అయినా సరే, ఒక్కటే అడుగుండ్రి: 'సారు, మీరు ఓడిపోయిన తెల్లారి సుత పనిచేసే నంబర్ ఒకటి మాకు ఇచ్చి పోతరా?' ఆ ప్రశ్నకు జవాబు చెప్పినాయనకే ఆ ఫోన్ బిల్లు కట్టుడు మనకు న్యాయం అనిపిస్తది.